గడి, గాడి, గడ్డి: ఆంగ్ల వర్ణక్రమానికి ఒక తెలుగు తాళంచెవి

తెలుగులో 'స్పెల్లింగు' అను మాటకు ఇంటింటా వాడుకలో ఉన్న పర్యాయపదం లేదు. 'వర్ణక్రమం' అని ఒక మాటను కల్పించుకొన్నాము గాని, అది నిఘంటువులలో తప్ప నోటి మాటలో వినబడదు. కారణం సులభమే. తెలుగు మాటను స్పష్టంగా పలుకగలిగినవాడు దానిని ఇంచుమించు సరిగానే వ్రాయగలడు. శ-ష-సల దగ్గర, ల-ళల దగ్గర, మహాప్రాణాల దగ్గర తడబాటు ఉన్నమాట నిజమే. అయినను చెవికి వినబడినది చేతికి అందును. ఆంగ్లంలో అట్లు కాదు. అక్కడ చెవి ఒక మాట చెప్పగా కన్ను మరొక మాట చెప్పును. ఈ రెంటి నడుమ నలిగిపోవునది ఏడెనిమిదేండ్ల పసివాడు.

మేము నివసించుచున్న క్లైడ్ నార్త్ మెల్బోర్న్ నగరానికి ఆగ్నేయ దిశలో, కేసీ నగరపాలక పరిధిలో ఉన్నది. ఒకనాడు పొలాలు, పచ్చికబయళ్ళు ఉన్న ఈ నేలపై నేడు కొత్త ఇండ్లు, కొత్త బడులు వరుసలు తీరినవి. 2021 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడువారు సుమారు 59 వేలమంది. ఇటువంటి కొత్త పేటలలో తెలుగువారు నలుగురు కలిసినచోట రెండు మాటలు తరచుగా వినబడును. మొదటిది, "మా వాడికి స్పెల్లింగు రావడం లేదండీ." రెండవది, "ఇంట్లో తెలుగు మానేస్తే బాగుపడుతుందేమో." మొదటి మాట ఒక సమస్య. రెండవది ఆ సమస్యకు తొందరపాటుతో కోరుకొన్న మందు. ఈ మందు రోగాన్ని తగ్గించదు, పైగా ఇంటి భాషను హరించును. ఆంగ్ల వర్ణక్రమం నేర్పుటకు తెలుగు అడ్డు కాకపోగా, మంచి పనిముట్టు కాగలదని నిరూపించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

నా వృత్తి రసాయన పరిశోధన. ఒక పదార్థం ఎందుకట్లు ప్రవర్తించుచున్నదో తెలియవలెనన్న, దానిని భాగాలుగా విడదీసి, ఏ భాగం ఏ పని చేయుచున్నదో పరిశీలించుట మా అలవాటు. మాటల విషయంలోను ఆ పద్ధతినే అనుసరించెదము.

ఒక సూచన: ఈ వ్యాసంలో 'వర్ణం' అనగా ఆంగ్లంలోని ఒక్కొక్క లిపి గుర్తు. 'అక్షరం' అనగా మన ఛందశ్శాస్త్రంలో వలె ఒక్క ఊపున పలుకబడు ధ్వనుల సముదాయం. మాటలను విడదీసినచోట నిలువు గీత ఉంచబడినది.

చిక్కు ఎక్కడ ఉన్నది?

ఆంగ్లంలో వర్ణాలు 26, ధ్వనులు సుమారు 44. అందులో అచ్చుల ధ్వనులే ఇంచుమించు 20. వాటిని వ్రాయుటకు ఉన్న అచ్చు వర్ణాలు అయిదు, అప్పుడప్పుడు తోడు వచ్చు 'వై' ఒకటి. మన భాషలో ఇ, ఈ లకు వేర్వేరు గుర్తులున్నవి. ఒ, ఓ లకు వేర్వేరు గుర్తులున్నవి. ఆంగ్లంలో హ్రస్వానికి, దీర్ఘానికి అదే 'ఐ', అదే 'ఓ'. అక్కడి దీర్ఘం మన దీర్ఘం వంటిది కూడా కాదు. దీర్ఘమైనపుడు ఆ వర్ణం తన పేరును తానే చెప్పుకొనును. 'ఐ' అను వర్ణం 'సిట్'లో ఇకారం, 'టైగర్'లో 'ఐ'కారం.

మరి చదువరికి హ్రస్వమో దీర్ఘమో తెలియుట ఎట్లు? ఆంగ్లం ఆ సంగతిని అచ్చుపై గుర్తు పెట్టి చెప్పదు. చాలచోట్ల అచ్చు చుట్టూ ఉన్న అక్షరం ఆకారంతో చెప్పును. అచ్చు తరువాత అదే అక్షరంలో హల్లు ఉండి తలుపు మూసినట్లయిన, ఆ అచ్చు హ్రస్వం. దీనిని మూతాక్షరం అందాము. అచ్చుతోనే అక్షరం ముగిసిన, ఆ అచ్చు దీర్ఘం. దీనిని తెరుపక్షరం అందాము. కనుక మాట ఎక్కడ విరుగుచున్నదో తెలిసినవానికి అచ్చు పలుకుబడి తెలియును. పలుకుబడి తెలిసినవానికి ఎన్ని హల్లులు వ్రాయవలెనో తెలియును.

విరుపు నమూనాలు

బడులలో నేర్పు విరుపు నమూనాలలో ముఖ్యమైనవి నాలుగు.

ఒకటి: రెండు అచ్చుల నడుమ రెండు హల్లులున్న, వాటి మధ్య విరువవలెను. 'న్యాప్‌కిన్' అను మాట ఎన్-ఏ-పి | కె-ఐ-ఎన్. 'ర్యాబిట్' అను మాట ఆర్-ఏ-బి | బి-ఐ-టి. మొదటి అక్షరం మూతాక్షరం, అందుచేత హ్రస్వం. అయితే 'టి-హెచ్', 'ఎస్-హెచ్', 'సి-హెచ్' వంటి జంటలు రెండు వర్ణాలైనను ధ్వని ఒక్కటే, వాటిని విడదీయరాదు.

రెండు: రెండు అచ్చుల నడుమ ఒక్కటే హల్లున్న, ముందుగా ఆ హల్లుకు ముందు విరిచి చూడవలెను. 'టైగర్' అనగా టి-ఐ | జి-ఇ-ఆర్. మొదటిది తెరుపక్షరం, దీర్ఘం. మన నగరపాలక సంస్థ పేరు 'కేసీ' కూడ ఇట్టిదే: సి-ఏ | ఎస్-ఇ-వై. అట్లు పలికినపుడు తెలిసిన మాట రాకున్న, హల్లు తరువాత విరువవలెను. 'లెమన్' అనగా ఎల్-ఇ-ఎం | ఓ-ఎన్.

మూడు: మాట చివర హల్లు, ఎల్, ఇ ఉన్న, ఆ మూడూ కలిసి ఒక అక్షరం. 'టేబుల్' అనగా టి-ఏ | బి-ఎల్-ఇ. 'లిటిల్' అనగా ఎల్-ఐ-టి | టి-ఎల్-ఇ. 'టేబుల్'లో ఒక్క 'బి' ఏల, 'లిటిల్'లో రెండు 'టి'లు ఏల అను ప్రశ్నకు జవాబు ఈ విరుపులోనే ఉన్నది.

నాలుగు: రెండు అచ్చులు పక్కపక్కనే ఉండి వేర్వేరుగా పలికిన, వాటి నడుమ విరువవలెను. 'లయన్' అనగా ఎల్-ఐ | ఓ-ఎన్.

గురులఘువుల పాఠం

ఇప్పుడు మన తెలుగు వద్దకు వత్తము. గడి, గాడి, గడ్డి అను మూడు మాటలను గమనించండి. 'గడి'లో రెండూ లఘువులే. 'గాడి'లో మొదటి అక్షరం దీర్ఘం కనుక గురువు. 'గడ్డి'లో మొదటి అక్షరం హ్రస్వమే; అయినను వెనుక ద్విత్వం ఉండుటచేత గురువు. లిపిలో మనము 'గ', 'డ్డి' అని వ్రాసినను, నోటితో పలుకునది 'గడ్ | డి' అనియే. మొదటి డకారం ముందరి అక్షరానికి తలుపు వేయుచున్నది. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువగునని మన లాక్షణికులు చెప్పినది ఈ ధ్వని సత్యాన్నే.

ఆంగ్లంలో 'డైనర్', 'డిన్నర్' అను జంటను చూడండి. మొదటిది డి-ఐ | ఎన్-ఇ-ఆర్, రెండవది డి-ఐ-ఎన్ | ఎన్-ఇ-ఆర్. మొదటిది మన 'గాడి' వంటిది, రెండవది మన 'గడ్డి' వంటిది. భేదం ఒక్కటే. మనము ద్విత్వాన్ని నొక్కి పలికెదము. ఆంగ్లేయులు రెండు 'ఎన్'లు వ్రాసి ఒక్కటే పలికెదరు. వ్రాతలోని రెండవ 'ఎన్' పలుకుటకు కాదు, ముందరి అచ్చు హ్రస్వమని చెప్పుటకు. ఇక్కడి పిల్లవాడు చెవికి వినబడిన ఒక్క 'ఎన్'నే వ్రాయును. అది వాని అశ్రద్ధ కాదు. వాని చెవి సరిగా పనిచేయుచున్నదనుటకు నిదర్శనం.

ఇక అమ్మమ్మలు, తాతయ్యలు 'డిన్నరు', 'సమ్మరు', 'రబ్బరు' అని ఒత్తి పలుకగా మనవలు నవ్వుట మన ఇండ్లలో పరిపాటి. ఆ ఒత్తులలో ఆ మాటల వర్ణక్రమం భద్రంగా ఉన్నది. 'సమ్మరు' అని విన్నవాడు రెండు 'ఎం'లు వ్రాయుట మరువడు. 'ఫిబ్రవరి' అను మన పలుకుబడి కూడ అట్టిదే. ఆంగ్లంలో ఆ మాటలోని మొదటి 'ఆర్' పలుకులో జారిపోవుటచే పిల్లలు వ్రాతలోను దానిని వదలివేయుదురు. తెలుగు నోట అది చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

బస్సు, గేటు, బెల్టు

ఇంతకన్న విశేషం మరొకటి కలదు. ఆంగ్ల పదాలను తెలుగులోనికి తెచ్చుకొనునపుడు మనము చివర ఉకారం చేర్చెదము. అప్పుడు జరుగునదేమో చూడండి. 'బస్' అనునది 'బస్సు' అయినది. 'పెన్' అనునది 'పెన్ను' అయినది. 'కప్' అనునది 'కప్పు' అయినది. కాని 'గేట్' అనునది 'గేటు' మాత్రమే, 'గేట్టు' కాదు. 'రేట్' అనునది 'రేటు'. 'బెల్ట్' అనునది 'బెల్టు', 'డెస్క్' అనునది 'డెస్కు'. అక్కడను ద్విత్వం లేదు.

దీని వెనుక ఉన్న సూత్రం మూడు ముక్కలలో చెప్పవచ్చును. హ్రస్వం తరువాత ఒక్క హల్లుండి, దానికి అచ్చు చేరిన, హల్లు ద్విత్వమగును. దీర్ఘమున్న ద్విత్వం రాదు. ముందే రెండు హల్లులున్న ద్విత్వం రాదు.

ఇప్పుడు ఆంగ్ల క్రియలకు 'ఇంగ్' చేర్చి చూడండి. 'సిట్' అను మాటకు చేర్చిన 'సిట్టింగ్', రెండు 'టి'లు. 'రేట్' అను మాటకు చేర్చిన 'రేటింగ్', ఒక్కటే 'టి'. 'టెస్ట్' అను మాటకు చేర్చిన 'టెస్టింగ్', అక్కడను చివరి 'టి' ఒక్కటే. 'సిట్టింగ్' మన 'బస్సు', 'రేటింగ్' మన 'గేటు', 'టెస్టింగ్' మన 'బెల్టు'. బడిలో ఆంగ్ల ఉపాధ్యాయులు ఎంతో శ్రమించి నేర్పు ద్విత్వ సూత్రాన్ని, తెలుగు తెలిసిన పిల్లవాడు తనకు తెలియకుండగనే నోట నడుపుచున్నాడు. వానికి కావలసినది ఆ సంగతిని ఎవరైనను చూపించుటయే.

పిల్లలు తరచుగా తప్పు వ్రాయు మాట 'రైటింగ్'. రెండు 'టి'లు పెట్టుదురు. అట్లు వ్రాసిన అది 'రిట్టింగ్' అగునని చెప్పి, 'రిట్టెన్' అను మాటను పక్కన వ్రాసి చూపండి. రైటింగ్‌లో ఒక 'టి', రిట్టెన్‌లో రెండు. గాడి, గడ్డి. ఒకసారి చూచినవాడు మరల తడబడుట అరుదు.

ఈ పోలికకు హద్దులు లేకపోలేదు. 'బ్యాగు', 'షాపు' అను మాటలలో ద్విత్వం లేదు. కాని ఆంగ్లంలో 'షాపింగ్'కు రెండు 'పి'లు. ఆంగ్లంలోని హ్రస్వమైన 'ఏ', 'ఓ' ధ్వనులకు సరియైన హ్రస్వాలు తెలుగులో లేవు. మన చెవి వాటిని దీర్ఘాలుగా గ్రహించును. కావున ఈ రెంటిని ప్రత్యేకంగా నేర్పవలెను. రెండవ హద్దు, పెద్ద మాటలది. 'బిగిన్' అను మాటకు 'ఇంగ్' చేర్చిన 'ఎన్' ద్విత్వమగును. 'ఓపెన్' అను మాటకు కాదు. అక్కడ నిర్ణయించునది ఊనిక ఏ అక్షరంపై ఉన్నదను విషయం. తెలుగు మాటలలో ఊనికకు అట్టి పని లేదు గనుక దీనిని ఆంగ్లం నుండియే నేర్వవలెను. మూడవ హద్దు, మాట చివరిది. 'బస్సు', 'పెన్ను' అని మనము పలికినంత మాత్రాన ఆంగ్లంలో ఆ మాటల చివర రెండేసి హల్లులు వ్రాయరాదు.

సూత్రాలను ఎంతవరకు నమ్మవచ్చును?

ఈ విరుపుల వివాదం కొత్తది కాదు. 1783లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ తన వర్ణక్రమ వాచకాన్ని వెలువరించునాటికి, ఇంగ్లండు నుండి వచ్చిన డిల్వర్త్ వాచకం వాడుకలో ఉండెను. 'హ్యాబిట్' అను మాటను డిల్వర్త్ హెచ్-ఏ | బి-ఐ-టి అని విరిచెను. అట్లు విరిచిన 'హేబిట్' అని పలుకవలసివచ్చునని వెబ్‌స్టర్ ఆక్షేపించి, హెచ్-ఏ-బి | ఐ-టి అని మార్చెను. ఆయన మాటలను ఒక అక్షరం గలవి, రెండక్షరాలు గలవి, మూడక్షరాలు గలవి అని వరుసగా పేర్చెను. మన పెద్దబాలశిక్షలోని రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు ఎరిగినవారికి ఈ ఏర్పాటు పరాయిదనిపించదు.

1930లలో అమెరికాలో నాడీవైద్యుడు శామ్యూల్ ఆర్టన్, విద్యావేత్త అన్నా గిల్లింగ్‌హామ్ కలిసి, చదువుటలో వెనుకబడిన పిల్లలకై రూపొందించిన పద్ధతిలో అక్షర విభజనకు ముఖ్యస్థానం లభించినది. 2000లో అమెరికా జాతీయ పఠన మండలి నివేదిక, 2005లో ఆస్ట్రేలియా జాతీయ విచారణ నివేదిక, ధ్వనికిని వర్ణానికిని గల సంబంధాన్ని క్రమపద్ధతిలో, స్పష్టంగా బోధింపవలెనని చెప్పినవి. విక్టోరియా ప్రభుత్వం 2024 జూన్‌లో చేసిన ప్రకటన ప్రకారం, 2025 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ప్రెప్ మొదలు రెండవ తరగతి వరకు రోజుకు కనీసం 25 నిమిషాలు ఇట్టి బోధన జరుగవలెను. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది తరగతుల నాప్లాన్ పరీక్షలలో వర్ణక్రమం ఒక భాగమని తల్లిదండ్రులెరుగుదురు.

అయితే విరుపు సూత్రాలన్నియు సమానంగా నమ్మదగినవి కావు. 2020లో డెవిన్ కియర్న్స్ అను పరిశోధకుడు బడిపిల్లల పుస్తకాలలో కనబడు వేలాది మాటలను పరిశీలించి, నడుమ రెండు హల్లులున్న నమూనా చాలవరకు నిలుచుననియు, ఒక్క హల్లున్న నమూనా అంతగా నిలువదనియు, అందులోను పొడవైన మాటలలో మరింత తప్పుననియు తేల్చెను. వెబ్‌స్టర్‌ను చికాకు పెట్టిన 'హ్యాబిట్' ఆ రెండవ నమూనాలోనిదే. 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లియాంగ్, ముద్రణలో పంక్తి చివర మాటలను విరుచు పనిని కంప్యూటరుకు నేర్పుటకు 4,447 నమూనాలను వాడవలసివచ్చెను. యంత్రానికే అన్ని కావలసిన చోట పసివానిచేత నాలుగు సూత్రాలు వల్లె వేయించి, ఇక తప్పులు రావనుకొనుట న్యాయం కాదు. సూత్రం మొదటి ప్రయత్నం వంటిది. ప్రయోగశాలలో వలె, ఒక విధంగా విరిచి చూచుట, తెలిసిన మాట రాకున్న మరొక విధంగా విరుచుట: ఈ అలవాటే అసలు విద్య.

మరొక హెచ్చరిక. అర్థం గల ముక్కలు ఉన్నచోట పలుకుబడి విరుపుకన్న అర్థపు విరుపే మేలు. 'టీచర్' అను మాట నోటిలో 'టీ | చర్' అని విరుగును. వ్రాయుటకు మాత్రం 'టీచ్' అను మాటకు 'ఇ-ఆర్' చేరినదని తెలిసినవానిదే సులువు. మా శాస్త్రంలో బారెడు పొడవు పేర్లను మేము తప్పులేకుండ వ్రాయుట ఇట్లే. 'పాలీఎథిలీన్' అనగా 'పాలీ'కి 'ఎథిలీన్' చేర్చుటయే. వర్ణాలను బట్టీ పట్టినవారు మాలో ఎవరును లేరు.

ఇంట పావుగంట పాఠం

వారానికి మూడు నాలుగు దినాలు, దినానికి పావుగంట చాలును. పాఠానికి అయిదారు మాటలకు మించరాదు.

మొదట, మాటను పెద్దలు పలుకగా పిల్లవాడు తన గడ్డం క్రింద చేయి ఉంచుకొని తానును పలుకవలెను. దవడ ఎన్నిసార్లు దిగిన అన్ని అక్షరాలు. రెండవది, అన్ని అడ్డగీతలు కాగితంపై గీయవలెను. మూడవది, ఒక్కొక్క అక్షరాన్ని నిండుగా, అచ్చులు మ్రింగకుండ పలుకుచు ఒక్కొక్క గీతపై వ్రాయవలెను. 'సెపరేట్' వంటి మాటలో నడిమి అచ్చు ఆంగ్ల నోట అణగిపోవును. 'సెప్ | ఏ | రేట్' అని మన పద్ధతిలో పలికిన, అక్కడ వ్రాయవలసినది 'ఇ' కాదు 'ఏ' అని గుర్తుండును. నాలుగవది, ప్రతి గీతపైన అచ్చు ఉన్నదా అని తానే సరిచూచుకొనవలెను. అచ్చు లేని అక్షరం ఉండదు. అయిదవది, మొత్తం మాటను కలిపి చదివి, పుస్తకంతో పోల్చుకొని, తప్పిన అక్షరాన్ని మాత్రమే దిద్దుకొనవలెను. మాట మొత్తానికి అడ్డంగా ఎర్రగీత గీయుటకన్న, "మూడింటిలో రెండు సరిపోయినవి, ఒకటి చూడు" అనుట పిల్లవానికి ధైర్యమిచ్చును. నిజం కూడ అదే.

మన చుట్టుపట్ల ఊర్ల పేర్లే మంచి అభ్యాసం. 'డాండెనాంగ్' అనగా డి-ఏ-ఎన్ | డి-ఇ | ఎన్-ఓ-ఎన్-జి. పొరుగున ఉన్న 'బెరిక్' పేరులో పలుకని 'డబ్ల్యు' ఒకటి దాగి ఉన్నది; వ్రాయునపుడు 'బెర్ | విక్' అని లోలోపల అనుకొన్నవాడు దానిని మరువడు. ఈ దేశానికి కొత్తగా వచ్చినపుడు మనము దానిని అట్లే పలుకుదుము కదా!

అమెరికాలో రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ 1993 నుండి నడుపుచున్న పోటీల వలన ఎందరో భారతీయ సంతతి బాలలు స్పెల్లింగు పోటీలలో రాణించుచున్నారు. ఆ ఘనతకు సంతోషింపవలసినదే. కాని పోటీకి వెళ్ళు బిడ్డకన్న, వారాంతపు పరీక్షకు భయపడి కడుపునొప్పి అని చెప్పు బిడ్డకే ఈ పాఠం ఎక్కువ అవసరం.

భాషను మాన్పించుటకు ముందు

శ్రద్ధగా నేర్పినను కొన్ని మాసాల తరువాత కూడ ఏ మార్పును కనబడకున్న, బడి ఉపాధ్యాయులతో మాట్లాడి నిపుణుల పరీక్ష కోరవలెను. డిస్‌లెక్సియా వంటి ఇబ్బంది ఏ భాష మాట్లాడు కుటుంబంలోనైనను ఉండును. దానికి కారణం ఇంటి తెలుగు కాదు, దానికి చికిత్స తెలుగును మాన్పించుటయు కాదు. ఒక భాషలో ధ్వనులను విడదీసి గుర్తించు నేర్పు రెండవ భాష చదువుటకు తోడ్పడునని, స్పానిష్-ఆంగ్ల బాలలపై 1993లో వెలువడిన దుర్గునోగ్లు ప్రభృతుల పరిశోధన మొదలు పలు అధ్యయనాలు చూపినవి. మన అక్షరమాల, గుణింతాలు, వత్తులు, గురులఘువులు ఇవన్నియు ధ్వనులను విడదీయు విద్యలే. వీటిని పిల్లలకు నేర్పినంత మేర వారి చెవికి పదును పెట్టినవారమగుదుము.

కావున తల్లిదండ్రులకు విన్నపం. మీ బిడ్డ వర్ణక్రమ పుస్తకం ఎడమ పుటలో ఆంగ్ల మాటలు వ్రాయించండి. కుడి పుటలో వాటికి సాటివచ్చు తెలుగు మాటలు వ్రాయించండి. ద్విత్వం కనబడినచోట 'గడ్డి' అని, దీర్ఘం కనబడినచోట 'గాడి' అని గుర్తు పెట్టించండి. రెండు పుటలు కలిసి ఒక పుస్తకమైనట్లే, రెండు భాషలును ఆ బిడ్డకు ఒకే చదువు.